కోచ్ ‘ఓకే’ అన్నాడు.. మరి హార్వర్డ్‌లో సీటు వచ్చినట్టేనా? అమెరికా టాప్ యూనివర్సిటీల్లో ఆటగాళ్ల ఎంపిక ఇలా జరుగుతుంది!

‘కోచ్‌తో మాట్లాడేశాం.. సీటు ఖాయమట!’ అమెరికాలో టెన్నిస్, స్క్వాష్, ఫెన్సింగ్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినిపించిందంటే పండగే. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా పిల్లల కోచింగ్, టోర్నమెంట్ల కోసం ఏళ్ల తరబడి వారాంతాలన్నీ కార్లోనే గడిపేస్తున్నాయి. కానీ ఒక్క నిమిషం.. ఆ ‘ఖాయం’ అన్నది ఎవరు? కోచ్. సీటు ఇచ్చేది ఎవరు? అడ్మిషన్ ఆఫీస్. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మన దగ్గర స్పోర్ట్స్ కోటా లెక్క వేరు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూపిస్తే, ఏ స్థాయిలో ఆడారో చూసి ప్రాధాన్యం ఇస్తారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి 8 యూనివర్సిటీలున్న ఐవీ లీగ్‌లో అలా ఉండదు. అక్కడ ఒక్కో కోచ్ తన టీమ్‌కు కావాల్సిన వాళ్లతో ఓ చిన్న లిస్టు తయారుచేసి అడ్మిషన్ ఆఫీస్‌కు ఇస్తాడు. మెడల్స్ ఎన్ని ఉన్నా సరే, ఆ ఏడాది ఆ టీమ్‌కు గోల్‌కీపర్ అవసరం లేకపోతే గోల్‌కీపర్ పేరు ఆ లిస్టులోకి ఎక్కదు. అంతే!

చాలా ఆటల్లో, పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. పదకొండో తరగతి అయ్యాక వేసవిలో అసలు పరీక్ష మొదలవుతుంది. దీన్నే ‘ప్రీ-రీడ్’ అంటారు. కోచ్ ఆ పిల్లాడి మార్కులు, శాట్ స్కోరు అడ్మిషన్ ఆఫీస్‌కు పంపిస్తాడు. వాళ్లు చూసి పర్లేదనో, కష్టమనో చెబుతారు. పర్లేదన్నారంటే సీటు ఇచ్చినట్టు కాదు, దారి మూసుకుపోలేదని మాత్రమే అర్థం.

ఐవీ లీగ్‌లో మార్కుల లెక్కకు ‘అకడమిక్ ఇండెక్స్’ అని పేరు. హైస్కూల్ గ్రేడ్లు, టెస్ట్ స్కోర్లు కలిపి ఒక నంబర్‌గా మారుస్తారు. రిక్రూట్ అయిన ఆటగాళ్ల సగటు ఆ యూనివర్సిటీలోని మిగతా విద్యార్థుల సగటు కంటే మరీ కిందకు పడిపోకూడదన్నది రూల్. దీంతో ఓ తమాషా జరుగుతుంది. స్కోరు తక్కువున్న స్టార్ ప్లేయర్‌ను తీసుకోవాలంటే, సగటు నిలబెట్టడానికి బాగా చదివే ఓ మోస్తరు ఆటగాడు కూడా కోచ్‌కు కావాలి. అంటే మైదానంలో ఎక్కువగా బెంచ్‌పైనే కూర్చునే పిల్లాడికి కూడా మార్కుల పుణ్యమా అని లిస్టులో చోటు దొరకొచ్చన్నమాట!

మరి చేతికి గట్టి కాగితం ఎప్పుడొస్తుంది? పన్నెండో తరగతిలో, అక్టోబర్ 1 తర్వాత. దాన్ని ‘లైక్లీ లెటర్’ అంటారు. అది కోచ్ రాసేది కాదు, అడ్మిషన్ ఆఫీస్ పంపేది. మార్కులు, ప్రవర్తన ఇలాగే ఉంటే సీటు వస్తుందని అందులో ఉంటుంది. అది రాకముందు కోచ్ ఫోన్‌లో ఏం చెప్పినా అది మాట మాత్రమే. ఈలోగా కోచ్ ఉద్యోగం మారొచ్చు, ఇంకా మంచి ఆటగాడు దొరకొచ్చు. ఆ మాట నమ్మి మిగతా కోచ్‌లందరికీ ‘నో’ చెప్పేసిన పిల్లల పరిస్థితి అప్పుడు ఏంటి? నవంబర్ దాకా వచ్చాక మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

హార్వర్డ్ అడ్మిషన్లపై నడిచిన కేసు విచారణలో ఓ లెక్క బయటికొచ్చింది. రిక్రూట్ అయిన ఆటగాళ్లలో దాదాపు 86 శాతం మందికి సీటు దక్కితే, సాధారణంగా అప్లై చేసినవాళ్లలో అది 6 శాతం దగ్గరే ఉంది. ఈ నంబర్ చూసి ‘ఆట నేర్పిస్తే చాలు’ అనుకుంటే పొరపాటే. ప్రీ-రీడ్‌లో ఆగిపోయినవాళ్లు, కోచ్ లిస్టులోకి ఎక్కనివాళ్లు ఈ 86 శాతం లెక్కలోకే రారు. వడపోత అంతా అయ్యాక మిగిలినవాళ్ల లెక్క ఇది.

లిస్టుకు ఇంత విలువ ఉంటే అడ్డదారి వెతికేవాళ్లూ ఉంటారుగా! 2019 మార్చిలో బయటపడ్డ ‘వర్సిటీ బ్లూస్’ స్కామ్ అదే. కన్సల్టెంట్ రిక్ సింగర్ కొందరు కోచ్‌లకు లంచాలిచ్చి, ఆటే రాని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించాడు. నటి లోరీ లాఫ్లిన్ కూతుళ్లకు పడవ పోటీలతో సంబంధమే లేదు. జిమ్‌లో ఉండే రోయింగ్ మెషీన్‌పై కూర్చోబెట్టి ఫొటోలు తీసి సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో సీట్లు తెచ్చుకున్నారు. ఆమెకు రెండు నెలలు, సింగర్‌కు మూడున్నరేళ్ల జైలు శిక్ష పడింది.

అన్ని పేరున్న యూనివర్సిటీల్లోనూ కోచ్‌కు ఒకే బలం ఉండదు. ఎంఐటీలో కోచ్ మద్దతు ఒక సిఫార్సు లాంటిదే. స్టాన్‌ఫోర్డ్, డ్యూక్‌లలో ఆటకు స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. ఐవీ లీగ్‌లో మాత్రం ఆట కోసం ఒక్క డాలర్ స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం తప్ప. కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చేందుకు 2025లో దారి తెరుచుకున్నా, ఐవీ లీగ్ అందులో చేరలేదు. అంటే ఆదాయం ఎక్కువున్న ఇంటి పిల్లాడు ఎంత బాగా ఆడినా ఫీజు మొత్తం ఇంటివాళ్లే కట్టుకోవాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆటతో ముడిపడిన డబ్బే లేదు కాబట్టి, చేరాక మోకాలి గాయంతో ఆట ఆగిపోయినా, తనే విసుగొచ్చి టీమ్ వదిలేసినా ఐవీ లీగ్‌లో ఆ విద్యార్థి సీటు పోదు, వచ్చే సాయమూ ఆగదు.