ఫోర్డు 'ఏ' మోటారుబండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని నల్లరేగడి బాటలపై వానకాలమున ఎద్దుబండి తోలినవారికి మంచి బండి లక్షణములను వేఱొకరు చెప్పనక్కఱలేదు. చక్రము పెద్దదై యుండవలెను, గుంటలకు ఓర్వవలెను, చెడినచో ఊరిలోనే బాగుచేయ వీలుండవలెను. ఈ మూడు గుణములును గల యొక అమెరికా మోటారుబండిని గూర్చి మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

హెన్రీ ఫోర్డు సంస్థ 1908 మొదలు 1927 వఱకు 'టీ' అను బండ్లను కోటి యేబది లక్షల వఱకు నిర్మించెను. పిమ్మట 1927 డిసెంబరులో 'ఏ' బండి వెలువడెను. నాలుగేండ్లకు మించిన కాలములో ఇవి సుమారు 48 లక్షలు తయారయ్యెను. కుటుంబముల కొఱకు రెండు తలుపుల 'ట్యూడరు', నాలుగు తలుపుల 'ఫోర్డరు' అను రకము లుండెను.

దీని యంత్రమునకు సిలిండర్లు నాలుగు. బలము 40 గుఱ్ఱములది. వేగము గంటకు సుమారు 65 మైళ్లు. తొలి రెండేండ్ల బండ్లకు 21 అంగుళముల చక్రము లుండెను. ముందొకటి, వెనుకొకటి అడ్డముగా నమర్చిన స్ప్రింగులు బండిని మోయుచుండుటచే, ఒక చక్రము గుంటలో దిగినను తక్కినవి నేలను విడువకుండెను.

పెట్రోలు తొట్టి ముందరి యద్దమునకు దిగువను, కూర్చున్నవారి మోకాళ్ల కెదురుగను ఉండెను. మిద్దెమీది తొట్టినుండి కొళాయికి నీరు వచ్చునట్లు, పెట్రోలు తన బరువుచేతనే యంత్రమునకు దిగును. పంపు లేదు, లేని పంపు చెడిపోదు గదా!

అయినను ఈ సులభత్వమునకు వెల గలదు. బండి దేనికైన గట్టిగా ఢీకొన్నచో, ఆ పెట్రోలు కుటుంబము నొడిలోనే యున్నట్లు. బ్రేకులు ఇనుపకడ్డీలచే పనిచేయును. వానిని సరిచూడనిచో బండి ఒక ప్రక్కకు లాగును. స్టీరింగు క్రిందనున్న ఎడమమీట నిప్పురవ్వ పుట్టు సమయమును మార్చును. హ్యాండిలుతో బండిని నడిపింప నారంభించునపుడు ఆ మీటను సరిగా నుంచుట మఱచినచో, హ్యాండిలు ఎదురుతిరిగి చేయి విఱుగవచ్చును. ఎద్దుబండి యిరుసునకు వలెనే దీని కీళ్లకు ప్రతి 500 మైళ్లకు కందెన పెట్టవలెను.

నేటి కార్లలో ఈ పనులలో చాలభాగము యంత్రమే చేసికొనును. క్షేమమును హెచ్చినది. కాని మూత తెఱచి చూచిన బాలునకు బోధపడునది స్వల్పము. 'ఏ' బండి మూత క్రింద గురుత్వాకర్షణ, మీట, విద్యుత్తు అను పాఠములు కంటికి కనబడుచుండును.

కావున పాతదని నవ్వవలదు. పాతదే మేలని పొగడవలదు. ఎచ్చటనైన నిట్టి బండి కనబడినచో, మూత తెఱచి చూపుమని యజమానుని మర్యాదగా నడుగుడు. తొట్టినుండి యంత్రమువఱకు పెట్రోలు పోవు దారిని వ్రేలితో చూపగలిగిన విద్యార్థి, ఆనాటి పాఠమును నేర్చినవాడే యని మా యభిప్రాయము.