18 కాగితాలు, ఒక్క షీటు

2022 ఏప్రిల్ 3 రాత్రి సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తెల్లారేసరికి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. పాలకొండ, వీరఘట్టం, భామిని కూడా అంతే. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి గానీ, ఈ మండలాల్లోని స్వచ్ఛంద సంస్థల రిజిస్ట్రేషన్ పత్రాల మీద పాత జిల్లా పేరే ఉండిపోయింది.

దీన్ని చిన్న విషయమని వదిలేయడానికి లేదు. కేంద్రం 2018 జనవరిలో మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో 112 జిల్లాలున్నాయి. వాటిలో మన వైపు నుంచి విజయనగరం ఉంది, శ్రీకాకుళం లేదు. జిల్లాల విభజన తర్వాత ఆ చోటు పార్వతీపురం మన్యానికి వచ్చింది. 'మీరు పనిచేసేది ఆకాంక్షిత జిల్లాలోనా?' అని దాతల ఫారం అడిగితే, సీతంపేట సంస్థ 2021లో 'కాదు' అని రాయాలి, ఇప్పుడు 'అవును' అని రాయాలి. నిరుటి దరఖాస్తు తెరిచి, తేదీ మార్చి, మళ్లీ పంపేసే సంస్థ తనకు అనుకూలమైన ఆ ఒక్క మాటను తానే పోగొట్టుకుంటుంది. దరఖాస్తుల పనిని ఆన్‌లైన్‌లో పద్ధతిగా నడుపుకోవాలని చెప్పేది ఇందుకే. సంస్థ గురించిన ప్రతి వివరం ఒకే చోట ఉండాలి, మారితే అక్కడే మారాలి.

ఒక దరఖాస్తుకు సాధారణంగా అడిగే కాగితాలు లెక్కేద్దాం. సొసైటీ రిజిస్ట్రేషన్, బైలాస్, పాన్, పన్ను మినహాయింపుల కోసం 12ఏ, 80జీ నమోదులు, ఎన్జీవో దర్పణ్ పోర్టల్ ఐడీ, కంపెనీల నిధులకైతే సీఎస్ఆర్-1 నమోదు: ఇవి ఏడు. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, మూడేళ్ల వార్షిక నివేదికలు: తొమ్మిది. కార్యవర్గం జాబితా, క్యాన్సిల్ చేసిన చెక్కు కలిపితే 18. ఏడాదికి ఎనిమిది దరఖాస్తులు పెట్టే సంస్థ 144 సార్లు ఏదో ఒక ఫైలు వెతికి జత చేయాలి. అవి ఒకరి ల్యాప్‌టాప్‌లో, మరొకరి వాట్సాప్‌లో, ఆడిటర్ గారి ఆఫీసులో తలా ఒకటీ ఉంటే దరఖాస్తు రాయడం కంటే వెతకడానికే ఎక్కువ పొద్దు పోతుంది. ఒక ఆన్‌లైన్ ఫోల్డర్‌లో 18 ఫైళ్లు పెట్టి, ఏటా ఆడిట్, రిటర్ను, వార్షిక నివేదిక కొత్తవి చేరిస్తే ఆ తిప్పలు చాలా వరకు తప్పుతాయి. సంస్థ పేరు, ఊరి పేరు అన్నిట్లో ఒకే స్పెల్లింగుతో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు లాంటి పేర్లు ఇంగ్లిషులో ఒక్కో కాగితం మీద ఒక్కోలా పడతాయి.

ఇక గడువులు. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. 2021 ఏప్రిల్ నుంచి 12ఏ, 80జీ నమోదులు శాశ్వతం కావు. పాత సంస్థలకు అప్పుడు ఐదేళ్లకు ఇచ్చిన నమోదు 2026 మార్చి 31 వరకే. ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30 లోపు, మళ్లీ అడగాల్సి వచ్చింది. దాతల వివరాల స్టేట్‌మెంటు ఏటా మే 31లోగా వేయాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము ఉండేది. నెల మరిచిపోతే 6,000, మన పల్లెల్లో ఒక ట్యూషన్ కేంద్రానికి పుస్తకాలు కొనగల డబ్బు. విదేశీ నిధులు తీసుకునే సంస్థ ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద ఎఫ్‌సీ-4 రిటర్ను డిసెంబరు 31లోపు వేయాలి, ఐదేళ్ల నమోదు ముగియకముందే పునరుద్ధరణ అడగాలి. 2020 సవరణ తర్వాత ఆ నిధుల్లో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు అది 50. అంటే 10 లక్షలొస్తే రెండు లక్షలే. నివేదికలు రాసి దాఖలు చేసే ఖర్చు కూడా ఆ రెండు లక్షల్లోదే.

కంపెనీల డబ్బుకు మరో క్యాలెండర్ ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర లాభం ఐదు కోట్లు లేదా టర్నోవర్ వెయ్యి కోట్లు లేదా నికర విలువ 500 కోట్లు ఉన్న కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. సగటు లాభం ఐదు కోట్లయితే అది 10 లక్షలు. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టంలోనే ఉంది. పైడిభీమవరంలో ఫార్మా పరిశ్రమలున్నాయి కాబట్టి రణస్థలం, లావేరు వైపు సంస్థలు ఈ వాక్యాన్ని దరఖాస్తులో ధైర్యంగా వాడుకోవచ్చు. ఆ ఏడాది డబ్బు మార్చి 31లోపు ఖర్చు కావాలి గనక, ఫిబ్రవరిలో తలుపు తట్టేకంటే ఏప్రిల్, మే నెలల్లోనే ప్రతిపాదన పంపడం మేలు.

ఇవన్నీ పట్టుకోవడానికి ఒక ఆన్‌లైన్ షీటులో ఏడెనిమిది గడులు చాలు: దాత పేరు, అడిగిన మొత్తం, గడువు, బాధ్యులు, ఏ దశలో ఉంది, వచ్చే అవకాశం ఎంత శాతం, నివేదిక ఎప్పుడివ్వాలి. 'అవకాశం' గడిని చాలామంది వదిలేస్తారు. ఉదాహరణకు ఒక సంస్థ మూడు చోట్ల అడిగిందనుకోండి: 12 లక్షలకు సగం అవకాశం, ఎనిమిది లక్షలకు పావు, 20 లక్షలకు పదో వంతు. అడిగింది 40 లక్షలు. లెక్కలో నిలిచేది ఆరు, రెండు, రెండు కలిపి 10 లక్షలు. జీతాల హామీ ఈ పది మీద ఇవ్వాలి, నలభై మీద కాదు. నలభైని నమ్ముకుని మనుషుల్ని తీసుకుంటే ఆరు నెలలకు వాళ్లను ఇంటికి పంపాల్సి వస్తుంది. పల్లెలో చదువుకుని, ఊళ్లోనే ఉండి పనిచేద్దామనుకున్న పిల్లలకు అంతకంటే అన్యాయం లేదు.

డబ్బు వచ్చాక కూడా షీటు మూయకూడదు. కేంద్ర గ్రాంటయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, గ్రాంటు మీద వచ్చిన బ్యాంకు వడ్డీనీ లెక్క చూపి తిరిగి కట్టాలి.

ఏ సాఫ్ట్‌వేర్ అంటే, ఏడాదికి పదీ పదిహేను దరఖాస్తులలోపు అయితే గూగుల్ షీట్ చాలని నా అభిప్రాయం. అర్హత గల సంస్థలకు గూగుల్ వర్క్‌స్పేస్ ఉచితంగా ఇస్తుంది, సేల్స్‌ఫోర్స్ పది లైసెన్సులు ఉచితంగా ఇస్తుంది. అయితే రెండోదాన్ని నిలబెట్టడానికి తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి లేకుండా తీసుకుంటే ఆరు నెలలకు మళ్లీ నోటు పుస్తకంలోకే వస్తారు.

ఈ సిద్ధపాటు ఆపద వేళ కూడా పనికొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం జీడిమామిడి, కొబ్బరి తోటల్ని కూల్చింది. అలాంటి వేళ దాతలు వారం రోజుల్లో కాగితాలు అడుగుతారు. 18 ఫైళ్లూ సిద్ధంగా ఉన్న సంస్థ అదే రోజు పంపగలదు. దానికి ముందు ఒక పని చేసుకోవాలి: దర్పణ్, ఆదాయపు పన్ను, ఎఫ్‌సీఆర్ఏ పోర్టళ్లలో నమోదైన ఫోన్ నంబరు, మెయిలు ఎవరివో చూడాలి. మాజీ కార్యదర్శి సొంత నంబరుకు ఓటీపీ వెళ్తుంటే, ఈ వారంలోనే దాన్ని సంస్థ పేరిట తీసుకున్న సిమ్‌కు మార్పించాలి. పాస్‌వర్డులు కార్యవర్గంలో ఇద్దరికి తెలిసి ఉండాలి.