తలకు దెబ్బ తగలకముందే ఒక కొలత

గనిలో దిగేవారి చూపును, ఊపిరితిత్తులను పరీక్షించడం మందమర్రిలో కొత్త సంగతి కాదు. 1955 నాటి గనుల నియమాల కింద ఉద్యోగంలో చేరేటప్పుడూ, ఆపై ఐదేళ్ళకు మించని వ్యవధిలోనూ ఈ పరీక్షలు జరుగుతూ వచ్చాయి. మెదడు పనితీరుకు మాత్రం అటువంటి తొలి కొలత నేనెరిగిన ఇళ్ళలో కనిపించలేదు.

చరకుడు శిరస్సును హృదయ, వస్తులతో పాటు మూడు మహామర్మాలలో చేర్చాడు. పుర్రె పగలకపోయినా కుదుపుకు మెదడు పని తప్పవచ్చు. స్కానింగులో తరచు ఏమీ కనబడదు. ఆ మతిమరపు దెబ్బ వల్లనా, స్వభావమేనా? పాత కొలత ఉంటే తేల్చడం సులువు. క్రీడాకారుల కోసం 2004లో ప్రాగ్ సమావేశంలో రూపొందిన పద్ధతి 2023లో ఆరవ రూపు దాల్చింది.

అందులో కొన్ని ఇంట్లోనూ సాధ్యమే. పది మాటలు వినిపించి వెంటనే ఒకసారి, ఐదు నిమిషాల తరువాత మరొకసారి చెప్పించండి. ఫాల్గుణం నుండి చైత్రం దాకా నెలలను వెనక్కి చెప్పించండి. ఒక పాదం మడమకు రెండవ పాదం వేళ్ళు ఆనించి, కళ్ళు మూయించి, ఇరవై సెకన్లు నిలబెట్టండి, పక్కన ఒకరుండాలి. తప్పులను, అప్పటికే ఉన్న తలనొప్పిని, నిద్రలేమిని తేదీతో వ్రాసిపెట్టండి. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవారిని మాత్రం కూర్చోబెట్టవద్దు. బడలికలో కొలత చెడుతుంది.

మస్టరు పోతుందని తలనొప్పిని దాచే మనిషి ఉన్న ఇంట ఈ కాగితం ఇల్లాలికి గట్టి ఆధారమని నా నమ్మకం. అయితే మార్కులు పాతవాటితో సరిపోయినంత మాత్రాన దెబ్బ లేదనుకోరాదు. ఆ రోజు పని మాన్పించి వైద్యునికి చూపాలి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, మత్తు, కనుపాపలలో తేడా కనిపిస్తే నస్యాలతో, లేపనాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ కాగితాన్ని వెంట ఉంచుకోండి.