ముదితీగల ఎఱ్ఱ ద్రాక్షాసవము

జమ్మలమడుగు అంగడిలో దొరకు నల్లద్రాక్ష నొకదానిని ఒలిచి, గుజ్జును పిండి చూడుడు. రసమున ఎరుపు కానరాదు. రంగంతయు తోలులోనే యున్నది. ఎఱ్ఱని ద్రాక్షాసవపు తయారీకి ఇదియే మూలము.

పండ్లను నలిపి, రసమును తోళ్ళతో, గింజలతో సహా తొట్లలో నుంచెదరు. ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. లెక్కప్రకారము 180 గ్రాముల గ్లూకోజు నుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు వచ్చును. ఆ వాయువు తోళ్ళను పైకి తేల్చును. వానిని మాటిమాటికి ముంచుచుండిననే రంగును, వగరు నిచ్చు టానిన్లును రసములోనికి దిగును. ఈ వాయువు గాలికంటె బరువైనది. గాలి యాడని నేలమాళిగలో నిలిచి పనివారి ప్రాణములను తీయగలదు. కనుక గాలి పారునట్టి ఏర్పాటు తప్పనిసరి.

పిదప ఆసవమును ఓక్ పీపాలలో నెలల తరబడి నిలువ చేయుదురు; వగరు మెత్తబడును.

ముదితీగ కాపు తక్కువ. కాని వేళ్ళు లోతుగ పాఱి యుండుటచే అది కరవును తట్టుకొనును. ఇట్టి తీగలు అరుదగుటకు ముఖ్యకారణము ఫిలాక్సెరా అను పేనువంటి పురుగు. 1860 దశకమున అమెరికానుండి ఫ్రాన్సు చేరి, వేళ్ళ రసమును పీల్చి తోటలను చంపెను. రైతులు తమ తీగలను అమెరికా తీగల వేళ్ళపై అంటుకట్టి గట్టెక్కిరి. నిమ్మజాతి మొక్కపై చీనీ మొగ్గను కట్టు పులివెందుల రైతు ఎఱిగిన విద్యయే యిది.

దక్షిణ ఆస్ట్రేలియా బయటి తీగల రాకను కట్టడి చేసినది. అందుచే బారోసా లోయలో 1840 దశకమున నాటిన షిరాజ్ తీగలు సొంత వేళ్ళపై నేటికిని కాయుచున్నవి. పరాయిచోటి మొక్కను పరీక్షింపక తోటలోనికి తేరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?