కంపైలర్ సందేశాలలో రంగుల సంకేతాలు: స్వరూపం, నిలుపుదల, తెలుగు పాఠంపై ప్రభావం

వ్యాససంగ్రహం:
కంపైలర్లు, బిల్డ్ పరికరాలు తమ సందేశాలను రంగుల్లో చూపడానికి వాడే సంకేతాలు అక్షరధారలోనే కలిసి ప్రయాణిస్తాయి. తెర మీద రంగుగా కనిపించేది ఫైల్‌లోకి చేరినప్పుడు అపరిచిత చిహ్నాల వరుసగా మిగులుతుంది. ఈ సంకేతాల నిర్మాణాన్ని, వాటిని నిలిపివేసే పద్ధతులను, తెలుగు పాఠంతో పనిచేసే పరిశోధకులకు వాటివల్ల కలిగే నష్టాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెర్మినల్, కంపైలర్, ఎస్కేప్ సంకేతం, లాగ్ ఫైల్, యూనికోడ్, పాఠ పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు శాఖల పరిశోధకులకు కంపైలర్‌తో పని పడటం ఒకప్పుడు ఊహించని విషయం. ఇప్పుడు పాత ముద్రిత గ్రంథాలను స్కాన్ చేసి పాఠంగా మార్చేవారు, పదసూచికలు తయారుచేసేవారు, ప్రతుల మధ్య పాఠాంతరాలను యంత్రంతో పోల్చేవారు ఏదో ఒక దశలో టెర్మినల్ ముందు కూర్చోక తప్పడం లేదు. ఉదాహరణకు అక్షర గుర్తింపుకు వాడే టెసరాక్ట్ 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో మొదలై, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చిన పరికరం. తెలుగుకు కూడా దానిలో శిక్షణ దత్తాంశం ఉంది. దానిని మూలం నుంచి నిర్మించుకోవాలంటే సి ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి. నిర్మాణం మధ్యలో ఆగిపోతే ఆ సందేశాలను ఫైల్‌లో భద్రపరచి తెలిసినవారికి పంపడం సహజం. అలా పంపిన ఫైల్‌ను తెరిస్తే దోషం పేరుకు ముందూ వెనుకా స్క్వేర్ బ్రాకెట్లు, అంకెలు, అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైల్ పాడైందనో, ఎన్‌కోడింగ్ తప్పిందనో చాలామంది భావిస్తారు. నిజానికి అవి రంగులు.

వ్యాసంలో ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినా, యంత్రానికి ఇచ్చేటప్పుడు వాటిని రోమన్‌లోనే టైపు చేయాలి.

2. రంగు అక్షరధారలో చేరే విధానం:
వర్డ్ ప్రాసెసర్‌లో ఒక పదానికి ఎరుపు రంగు వేస్తే ఆ సమాచారం పాఠానికి వెలుపల, వేరే పొరలో నిలుస్తుంది. టెర్మినల్‌కు అలాంటి రెండో పొర లేదు. దానికి చేరేది ఒకే ఒక అక్షరాల వరుస. కాబట్టి "ఇక్కడినుంచి ఎరుపు" అన్న ఆజ్ఞను కూడా అక్షరాల రూపంలోనే, ఆ వరుసలోనే పంపాలి. ఆజ్ఞకూ పాఠానికీ తేడా తెలియడానికి ముందు ఒక ప్రత్యేక అక్షరాన్ని ఉంచుతారు. అది ఆస్కీ పట్టికలో 27వ స్థానంలో ఉన్న ఎస్కేప్. దానికి సొంత రూపం లేదు. "తరువాత వచ్చేవాటిని అచ్చు వేయకు, ఆజ్ఞగా తీసుకో" అని చెప్పడమే దాని పని.

ఈ ఆజ్ఞల భాషను 1976లో ఈసీఎంఏ-48 ప్రమాణం, 1979లో అమెరికా జాతీయ ప్రమాణం స్థిరపరచాయి. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తెచ్చిన వీటీ100 టెర్మినల్ వీటికి విస్తృత ప్రచారం కల్పించింది. విచిత్రమేమంటే వీటీ100 ఏకవర్ణ తెర. రంగులు చూపలేని యంత్రం ద్వారా రంగుల వ్యాకరణం లోకానికి అలవాటైంది.

నిర్మాణం సరళమైనది. ఎస్కేప్, ఆపై ఎడమ స్క్వేర్ బ్రాకెట్, ఆపై సెమీకోలన్‌తో విడదీసిన అంకెలు, చివర చిన్న రోమన్ 'ఎమ్'. 30 నుంచి 37 వరకు అక్షరం రంగు, 40 నుంచి 47 వరకు నేపథ్యం రంగు. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు. 1 అంటే బొద్దు అక్షరం, 0 అంటే అన్నింటినీ రద్దుచేసి మామూలు స్థితికి రావడం. జీసీసీ కంపైలర్ దోషాన్ని 01;31తో, అంటే బొద్దు ఎరుపుతో, హెచ్చరికను 01;35తో, వివరణను 01;36తో చూపుతుంది. దానితోపాటు పంక్తి చివరివరకు తుడిచివేయమనే మరొక ఆజ్ఞను కూడా చేరుస్తుంది. దాని చివర 'ఎమ్' బదులు పెద్ద రోమన్ 'కే' ఉంటుంది. ఈ చిన్న తేడా తరువాత తొలగింపు దశలో ఇబ్బంది పెడుతుంది.

3. తెర ముందు ఒక తీరు, ఫైల్ ముందు ఒక తీరు:
జాగ్రత్తగా రాసిన పరికరం తన మాటలు ఎక్కడికి వెళుతున్నాయో ముందుగా అడిగి తెలుసుకుంటుంది. యూనిక్స్ వ్యవస్థల్లో ఇందుకు 'ఈజ్‌ఎటీటీవై' అనే ఫంక్షన్ ఉంది. అవతల టెర్మినల్ ఉంటే రంగులు, ఫైల్ గానీ మరో ప్రోగ్రామ్‌కు వెళ్లే పైప్ గానీ ఉంటే సాదా పాఠం. ఈ తీరుకే 'ఆటో' అని పేరు.

మరి లాగ్ ఫైళ్లలో రంగులు ఎలా చేరుతున్నాయి? ప్రధాన కారణం మధ్యవర్తులు. నింజా వంటి బిల్డ్ పరికరం ఒకేసారి అనేక కంపైలర్లను నడుపుతూ, వాటి సందేశాలు కలగాపులగం కాకుండా పైప్ ద్వారా సేకరించి తరువాత చూపుతుంది. కంపైలర్‌కు అవతల కనిపించేది పైప్ మాత్రమే గనుక రంగులు మానేస్తుంది. తెర మీద రంగులు పోయాయని ప్రాజెక్టు నిర్వాహకులు కంపైలర్‌కు 'ఆల్వేస్' అనే ఆదేశం ఇస్తారు. అప్పటినుంచి కంపైలర్ ఎవరినీ అడగదు. ఎక్కడికైనా రంగులతోనే పంపుతుంది. నింజా తాను ఫైల్‌లోకి రాస్తున్నప్పుడు ఆ సంకేతాలను తీసివేస్తుంది గాని, మధ్యవర్తులందరికీ ఆ మర్యాద లేదు. తెర మీద జరిగేదంతా నమోదు చేసే 'స్క్రిప్ట్' ఆదేశం రెండో కారణం. అది కృత్రిమ టెర్మినల్‌ను సృష్టిస్తుంది కాబట్టి పరికరాలు నిజమైన తెర ముందున్నట్లే ప్రవర్తిస్తాయి.

కంపైలర్ దోషాలను స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు కాక స్టాండర్డ్ ఎర్రర్ అనే రెండో దారికి పంపుతుందన్నది ఇక్కడే గుర్తుంచుకోవాలి. 'గ్రేటర్ దాన్' గుర్తుతో మొదటిదానిని మాత్రమే ఫైల్‌కు మళ్లించి, దోషాలు ఫైల్‌లో లేవని ఆశ్చర్యపోవడం కొత్తవారి విషయంలో తరచు జరిగేదే.

4. తెలుగు పాఠంపై ప్రభావం:
ఇంగ్లీషు పదం మధ్యలో రంగు సంకేతం చేరితే అక్షరాలు యథాతథంగానే ఉంటాయి. తెలుగులో అలా కాదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం అనేక భాగాల కూర్పు. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొక సంకేతం. ఆ రెండూ పక్కపక్కన ఉంటేనే ఫాంట్ వాటిని కలిపి చూపగలదు.

'గ్రెప్' అనే వెతుకులాట పరికరం దొరికిన భాగాన్ని బొద్దు ఎరుపులో చూపుతుంది. ఒక పరిశోధకుడు కావ్యపాఠంలో 'రామ' కోసం వెతికాడనుకుందాం. 'రాముడు' అన్న పదంలో ర, ఆకారపు గుర్తు, మ అనే మూడు సంకేతాలు సరిపోలుతాయి. గ్రెప్ వాటికి ముందు ఎరుపు ఆజ్ఞను, 'మ' తరువాత రద్దు ఆజ్ఞను చేరుస్తుంది. రద్దు ఆజ్ఞ వచ్చి కూర్చునేది మకారానికీ దాని కొమ్ముకూ మధ్య. కొమ్ము ఆధారం కోల్పోయి చుక్కల వలయం మీద వేలాడుతుంది. పద్దెనిమిది బైట్ల 'రాముడు' ఇప్పుడు ముప్పై అయిదు బైట్లు.

తెర మీద ఇది కంటికి ఇబ్బంది మాత్రమే. గ్రెప్‌ను 'ఆల్వేస్' స్థితిలో ఉంచి ఫలితాలను ఫైల్‌గా భద్రపరచినప్పుడు అసలు నష్టం జరుగుతుంది. ఆ ఫైల్‌లో తరువాత 'రాముడు' కోసం వెతికితే ఒక్క ప్రయోగం కూడా దొరకదు. పదం మధ్యలో పరాయి అక్షరాలున్నాయి. పద పౌనఃపున్య పట్టిక తయారుచేస్తే ఆ పదం సంఖ్య సున్నా. యంత్రం ఎలాంటి హెచ్చరికా ఇవ్వదు. పట్టిక సిద్ధాంతగ్రంథం అనుబంధంలోకి వెళ్లిపోతుంది. కావ్యంలో నాయకుడి పేరే లేదని పట్టిక చెబితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అరుదైన మాండలిక పదం విషయంలో అలాంటి అనుమానం రాదు.

పాఠాన్ని ఎక్స్‌ఎంఎల్ రూపంలో భద్రపరచేవారికి ఇబ్బంది వెంటనే బయటపడుతుంది. ఎక్స్‌ఎంఎల్ 1.0 ఎస్కేప్ అక్షరాన్ని అనుమతించదు కాబట్టి ఫైల్ తెరుచుకోదు. ఇది ఒక రకంగా మేలు. మౌనంగా తప్పు లెక్క ఇవ్వడం కంటే తెరుచుకోకపోవడమే నయం.

5. నిలిపివేసే మార్గాలు:
ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క తాళంచెవి ఉండటం ఈ రంగంలోని పెద్ద అసౌకర్యం. జీసీసీలో 'ఎఫ్-డయాగ్నస్టిక్స్-కలర్' అనే ఎంపికకు 'నెవర్' విలువ ఇవ్వాలి. ఈ ఎంపిక 2014లో వెలువడిన 4.9 సంచికతో వచ్చింది. క్లాంగ్‌లో 'ఎఫ్-నో-కలర్-డయాగ్నస్టిక్స్'. సీమేక్ 3.24 నుంచి 'సీమేక్ కలర్ డయాగ్నస్టిక్స్' అనే చలరాశి ఉంది. రస్ట్ భాషకు చెందిన కార్గోలో 'కలర్ నెవర్', గ్రేడిల్‌లో 'కన్సోల్ ప్లెయిన్'. పైథాన్ 3.13 నుంచి దోష వివరణలు రంగుల్లో వస్తున్నాయి. 'పైథాన్ కలర్స్' అనే చలరాశికి సున్నా ఇస్తే ఆగిపోతాయి.

ఈ చిందరవందరకు పరిష్కారంగా 2017లో 'నో కలర్' అనే ఒప్పందం ప్రతిపాదితమైంది. రోమన్ పెద్దక్షరాల్లో, రెండు పదాల మధ్య అండర్‌స్కోర్‌తో రాసే ఈ ఎన్విరాన్‌మెంట్ చలరాశికి ఏదో ఒక విలువ ఉంటే చాలు, పరికరాలు రంగులు చేర్చకూడదు. విలువ ఏమిటన్నది ముఖ్యం కాదు. ఖాళీగా ఉండకూడదు, అంతే. దీనివల్ల ఒక తమాషా ఏర్పడింది. 'నో కలర్'కు సున్నా ఇస్తే రంగులు తిరిగి వస్తాయని అనుకోవడం సహజం. కాని ఒప్పందం ప్రకారం సున్నా కూడా విలువే గనుక రంగులు రావు. ఈ ఒప్పందం రంగుకే పరిమితం. బొద్దు, అడుగుగీత వంటివి మిగలవచ్చు. ఆదేశంలో స్పష్టంగా రంగు కోరితే ఆ కోరికదే పైచేయి. పైగా ఇది ప్రమాణం కాదు, స్వచ్ఛంద మర్యాద. పాటించని పరికరాలు ఉన్నాయి.

అందువల్ల లాగ్‌ను సాక్ష్యంగా భద్రపరచేవారు 'నో కలర్'తో ఆగకుండా తాము వాడే కంపైలర్ ఎంపికను కూడా విడిగా ఇవ్వడం మేలు. జీసీసీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కొత్త సంచికలు హెచ్చరికల పేర్లకు లంకెలు కూడా జోడిస్తాయి. ఆ లంకెలు కూడా ఎస్కేప్ సంకేతాలే. రంగు ఆపినంత మాత్రాన అవి ఆగవు. 'ఎఫ్-డయాగ్నస్టిక్స్-ప్లెయిన్-అవుట్‌పుట్' అనే ఎంపిక రెండింటినీ ఆపుతుంది.

6. చదువరి దృష్టి:
రంగును ఆపాలనుకోవడం పాతకాలపు అభిరుచి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు ఉత్తర యూరప్ మూలాల పురుషుల్లో సుమారు 8 శాతం. మన తరగతి గదుల్లోనూ అలాంటివారు ఉంటారు. చాలామంది బయటకు చెప్పరు. తెల్లని నేపథ్యం మీద పసుపు హెచ్చరిక మామూలు చూపు ఉన్నవారికే కనిపించదు, ప్రొజెక్టర్ మీద మరీనూ. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే తెలపకూడదన్నది 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లో ఒక నియమం. ఈ కొలబద్ద ప్రకారం జీసీసీ ఉత్తీర్ణమే. ఎరుపుతోపాటు 'ఎర్రర్' అన్న మాటను కూడా అది రాస్తుంది. రంగు తీసివేసినా అర్థం చెడదు.

7. చేరిపోయిన సంకేతాల తొలగింపు:
పాత ఫైళ్లను శుభ్రపరచడానికి 'సెడ్' వంటి పరికరంతో ఎస్కేప్ సంకేతాల నమూనాను ఇచ్చి తొలగించవచ్చు. ప్రచారంలో ఉన్న నమూనాలు చాలావరకు 'ఎమ్'తో ముగిసేవాటినే పట్టుకుంటాయి. పైన చెప్పిన 'కే' సంకేతాలు మిగిలిపోయి, 'రాముడు' విరిగినట్టే ఉంటాడు. నమూనాలో రెండింటికీ చోటివ్వాలి. నమూనా తప్పనిసరిగా ఎస్కేప్ అక్షరంతో మొదలుకావాలి. స్క్వేర్ బ్రాకెట్‌తో మొదలుపెడితే, పరిష్కర్తలు పూరించిన పాఠాన్ని చూపడానికి వాడే కుండలీకరణాలకు ముప్పు.

తొలగింపు అన్నివేళలా సురక్షితం కాదు. రెండు ప్రతులను గిట్‌తో పదం పదంగా పోల్చేటప్పుడు 'వర్డ్ డిఫ్' ఎంపికకు 'కలర్' అనే రూపం ఉంది. అందులో తొలి ప్రతిలోని పదం ఎరుపులో, మలి ప్రతిలోని పదం ఆకుపచ్చలో పక్కపక్కన వస్తాయి. రంగు తప్ప మరే గుర్తూ ఉండదు. ఆ రూపం తనంతట తానే రంగును కోరుతుంది గనుక ఫైల్‌లోకి కూడా సంకేతాలతోనే వెళుతుంది. దానిని సెడ్‌తో శుభ్రపరిస్తే రెండు పాఠాంతరాలూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. ఏ ప్రతిలోనూ లేని మూడో పాఠం పుడుతుంది. అదే ఎంపికలో 'ప్లెయిన్' రూపం కోరితే పోయిన పదం స్క్వేర్ బ్రాకెట్, మైనస్ గుర్తుల మధ్య, వచ్చిన పదం మీసాల బ్రాకెట్, ప్లస్ గుర్తుల మధ్య నిలుస్తాయి. శుభ్రపరచగా కలిసిపోయిన ఫైల్ నుంచి పాఠాంతరాలను వేరుచేసే మార్గం లేదు. మూల ప్రతులు రెండూ ఉంటే ప్లెయిన్ రూపంలో మళ్లీ పోల్చుకోవాలి.