చేతివాద్యాలకు పాలియెస్టర్ మూత

చేత్తో వాయించే తాళవాద్యాలలో నాదానికి మూలం బిగుతుగా లాగి కట్టిన ఒక పలుచని పొర, దానినే వాద్యకారులు మూత అంటారు. అనాదిగా ఈ మూత జంతువు తోలుతోనే తయారవుతూ వచ్చింది. తోలులో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతాయి, ఆరినప్పుడు ముడుచుకుంటాయి. అందువల్ల వానాకాలంలో మూత వదులై శ్రుతి దిగిపోవడం, ఎండాకాలంలో బిగుసుకొని శ్రుతి పెరగడం, మరీ పొడిగాలి వీచే చోట చిట్లిపోవడం తోలు వాద్యాలన్నిటికీ తప్పని బాధలు. తెలంగాణలో బోనాలు ఆషాఢంలోనూ, తెలుగు నేల అంతటా వినాయక చవితి ఉత్సవాలు భాద్రపదంలోనూ జరుగుతాయి కనుక, డప్పుకు ఎక్కువ పని పడే రోజులు తోలుకు ఏమాత్రం అనుకూలించని వాన రోజులే కావడం గమనించదగ్గ విషయం. గడ్డి మంట దగ్గర డప్పును కాచి శ్రుతికి తెచ్చుకొనే పద్ధతి ఈ ఇబ్బందికి విరుగుడుగానే పుట్టింది. కాని కురుస్తున్న వానలో ఊరేగింపు నడుస్తూ ఉంటే ఆ మంట వేసుకొనే వీలు కూడా ఉండదు.

ఈ ఇబ్బందికి పారిశ్రామిక రసాయన శాస్త్రం చూపిన పరిష్కారం పాలియెస్టర్ ఫిల్ము. మంచినీళ్ల సీసాలు తయారయ్యే పెట్ అనే ప్లాస్టిక్‌నే నిలువుగానూ అడ్డంగానూ సాగదీసి పలుచని రేకుగా చేస్తే, లాగుడుకు గట్టిగా నిలిచి, తేమను దాదాపు పీల్చుకోని పొర తయారవుతుంది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1950లలో మైలార్ అనే పేరుతో దీనిని మార్కెట్లోకి తెచ్చిన కొద్ది సంవత్సరాలకే చిక్ ఎవాన్స్, రెమో బెల్లి వంటి డ్రమ్ము వాద్యకారులు దానిని డ్రమ్ములకు తొడిగారు. బెల్లి 1957లో తన పేరుతోనే నెలకొల్పిన సంస్థ తరువాతి కాలంలో క్యూబా కాంగాలకు, పశ్చిమాఫ్రికా జెంబేలకు, రకరకాల చట్రపు వాద్యాలకు కూడా కృత్రిమ మూతలు చేసింది. అయితే ఆ తొలి మూతలు కర్రపుల్లలతో వాయించే డ్రమ్ముల కోసం పుట్టినవి. వేళ్లతో, అరచేతితో వాయించే వాద్యానికి మూత నుంచి కావలసినవి వేరు కాబట్టి, డ్రమ్ముకు నప్పిన ఫిల్మే చేతివాద్యానికీ నప్పుతుందని అనుకోవడానికి వీల్లేదు.

ఆ తేడా ఎక్కడ ఉందో తెలియాలంటే మూత కంపించే తీరును కొంచెం పరిశీలించాలి. మూత శ్రుతి మూడు విషయాల మీద ఆధారపడుతుంది: వ్యాసం పెరిగితే శ్రుతి తగ్గుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది, బిగువు పెరిగితే హెచ్చుతుంది; కాని బిగువుకూ శ్రుతికీ మధ్య ఉన్నది వర్గమూల సంబంధం గనుక, శ్రుతిని ఒక స్థాయి, అంటే మధ్యస్థాయి షడ్జం నుంచి తారషడ్జం దాకా, పెంచాలంటే బిగువును నాలుగింతలు చేయవలసి వస్తుంది. ఇక మూత ఒకే స్వరంతో కంపించదు. ప్రధాన స్వరంతో పాటు అనేక అనుస్వరాలు పుడతాయి, అంతటా ఒకే మందం ఉన్న గుండ్రని పొరలో వాటి పౌనఃపున్యాలు ప్రధాన స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లుగా, పూర్ణాంకాలకు పొసగకుండా ఉంటాయి. తోలులోని పోగుల మధ్య జరిగే ఒరిపిడి హెచ్చు అనుస్వరాలను త్వరగా అణచివేస్తుంది కాబట్టి తోలు నాదం గుండ్రంగా, మెత్తగా వినిపిస్తుంది. ఫిల్ములో ఆ లోపలి ఒరిపిడి తక్కువ కాబట్టి అవే అనుస్వరాలు ఎక్కువసేపు నిలిచి, గంట మోగినట్టు గింగురుమంటాయి. కృత్రిమ మూత నాదం మీద వినిపించే ఫిర్యాదులలో చాలా భాగానికి కారణం ఇదే, వాటిలో కొన్ని మూతను సరిగా ఎంచుకుంటే తొలగిపోయేవే.

ఎంపికలో మొదట చూడవలసింది మందం. డ్రమ్ము మూతల్లో సర్వసాధారణంగా కనిపించే ఫిల్ముల మందం 0.18 మిల్లీమీటర్లు, 0.25 మిల్లీమీటర్లు, పలుచనిది వేలు తాకగానే పలుకుతుంది, మెరుపుగా మోగుతుంది, మందమైనది బరువుగా, తక్కువ సేపు మోగి దెబ్బలకు ఎక్కువ ఓర్చుకుంటుంది. రెండవది పైతలం. నున్నని ఫిల్ము మీద వేలు జారుతుంది, అరచేయి రాపాడించినప్పుడు రావలసిన ధ్వని రాదు. అందుకే చేతివాద్యాలకు ఫిల్ము మీద పాలియెస్టర్ పోగుల పొరను అతికించిన మూతలు తయారయ్యాయి, ఆ పోగులు చేతికి పట్టు ఇవ్వడమే కాకుండా కొంత ఒరిపిడిని కూడా కలిపి గింగురును తగ్గిస్తాయి. కాంగాకూ జెంబేకూ ఈ రకమే మేలు. ఈజిప్టు దర్బుకా సంగతి దీనికి భిన్నం: ఒకప్పుడు మట్టి కుండకు చేప తోలు కట్టిన ఆ వాద్యం ఇప్పుడు పోత అల్యూమినియం ఒంటితో, నున్నని పలుచని ఫిల్ముతో వస్తోంది, వేళ్ల కొసలతో అతివేగంగా వాయించే నేటి శైలికి ఆ ఫిల్ము మెరుపే బలం. అందుచేత తోలుకు ఎంత దగ్గరగా ఉన్నదనే ఒక్క కొలతతో కృత్రిమ మూతను తూచడం సరికాదు. ఆ వాద్యంలో తోలు ఏ పని చేస్తున్నదో గుర్తించి, ఆ పనిని ఫిల్ము చేయగలదా అని అడగడమే సరైన పద్ధతి.

ఈ ప్రశ్నకు కంజీర చక్కని ఉదాహరణ. పనస చెక్కతో చేసిన సుమారు 7 నుంచి 9 అంగుళాల చట్రం, ఒక్క వైపే మూత, చట్రానికి కోసిన సందులో మోగే లోహపు బిళ్లలు, ఇంతే ఆ వాద్యం; పుదుక్కోట సంప్రదాయానికి చెందిన మాన్పూండియా పిళ్ళై 19వ శతాబ్దపు చివరి భాగంలో దానిని కచేరీ వేదిక మీదికి తెచ్చిన విద్వాంసుడిగా పేరు పొందారు. దీనికి సంప్రదాయంగా కట్టేది ఉడుము తోలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును కాపాడుతున్నందువల్ల ఆ తోలును వాడడం నేరం కనుక, మేక తోలు గాని ఫిల్ము గాని వాడడం తప్ప న్యాయమైన దారి లేదు, ఉండకూడదు కూడా. విద్వాంసులు వాయించే ముందు మూత లోపలివైపు నీళ్లు చిలకరించి దానిని వదులు చేసి మంద్రమైన నాదం రాబడతారు, పట్టుకున్న చేతి వేళ్లతో అంచు దగ్గర నొక్కుతూ, వదులుతూ ఆ నాదాన్ని వంపులు తిప్పుతారు. ఫిల్ముకు నీళ్లు ఎక్కవు. కేవలం బిగువు తగ్గిస్తే అది నాదం ఇవ్వడం మాని రేకులా కొట్టుకుంటుంది. కాబట్టి కంజీరకు పలుచని ఫిల్మును ఎంచుకొని, లోపలివైపు నడుమ భాగంలో గుడ్డ టేపు ముక్కలను ఒకటొకటిగా అతికిస్తూ బరువు పెంచడం మంచి ఉపాయం. నడుమ బరువు పెరిగితే ప్రధాన స్వరం దిగుతుంది, అంచు దగ్గర వేలు నొక్కితే వంగే గుణం మాత్రం పోదు. మందమైన ఫిల్ము కంజీరకు పనికిరాదు, ఎంత నొక్కినా అది వంగదు.

బిగించడం దగ్గరికి వస్తే, తోలుతో అలవాటు పడిన చేతులు మొదట మరచిపోవలసింది నానబెట్టి లాగే పద్ధతి. నానిన తోలు చట్రం అంచు మీద వంగి, దాని ఆకారాన్ని తానే పుణికిపుచ్చుకొని, ఆరిన కొద్దీ బిగుస్తుంది. ఫిల్ము అలా వంగదు, బలవంతంగా మడిస్తే ముడతలు పడుతుంది. అందుకే తయారీలోనే వేడి అచ్చులో దాని అంచును వంచి, లోహపు రింగులో బిగించి అమ్ముతారు. చెక్కకు వాడే మామూలు తెల్ల జిగురు పాలియెస్టర్‌ను పట్టుకోదు కాబట్టి, జిగురుతో అతికించిన తోలును ఊడదీసి అదే తీరులో ఫిల్మును అతికించే ప్రయత్నం సాధారణంగా విఫలమవుతుంది. రింగూ బోల్టులూ ఉన్న చట్రమే ఫిల్ముకు తగినది. జనం ఫైబర్ డప్పు అని పిలిచే వాద్యంలో లోహపు వలయం, చుట్టూ బోల్టులు కనిపించడానికి కారణం ఇదే.

కొత్త మూత కొనే ముందు పాత మూత కొలతను కాక, వాద్యపు ఒంటి అంచు బయటి వ్యాసాన్ని రెండు మూడు దిక్కుల్లో కొలవాలి, ఎందుకంటే చెక్క ఒళ్లు కాలక్రమంలో కొద్దిగా కోలగా మారుతుంది, ఒక దిక్కున సరిపోయిన రింగు మరో దిక్కున పట్టేస్తుంది. కాంగాలలో అయితే రింగు ఆకారం ఒక్కో తయారీదారుకు ఒక్కో రకంగా ఉంటుంది కనుక కేవలం అంగుళాల లెక్క చాలదు. తరువాత మూత ఆనే అంచును పరీక్షించాలి. వాద్యాన్ని చదునైన గాజు పలక మీద బోర్లించి లోపల చిన్న దీపం ఉంచితే, అంచుకూ గాజుకూ మధ్య వెలుతురు తొంగిచూసే చోటల్లా ఎగుడుదిగుడు ఉన్నట్టే. తోలు తన మెత్తదనంతో ఇటువంటి లోపాలను సర్దుకుంటుంది, ఫిల్ము సర్దుకోదు, అక్కడే జరజరమనే అపస్వరం పుడుతుంది. సన్నని ఉప్పుకాగితంతో ఆ మెట్టలను అరగదీసి, అంచు చుట్టూ పలుచగా మైనం రుద్దితే బిగించేటప్పుడు ఫిల్ము అన్ని వైపులా సమంగా జారి కూర్చుంటుంది.

బోల్టులన్నిటినీ ముందు వేళ్లతో బిగిసినంత వరకే తిప్పి, ఆపైన ఒకదాని తరువాత దానికి ఎదురుగా ఉన్న దానిని తిప్పుతూ, ప్రతిసారీ పావు చుట్టు మాత్రమే బిగించాలి. వరసగా చుట్టూ తిరుగుతూ బిగిస్తే మూత ఒక పక్కకు లాగబడి, రింగు వంకరపోతుంది. నడుమ అరచేతితో మెల్లగా అదిమితే ఫిల్ము తన చోట కుదురుకుంటుంది. అప్పుడు వినిపించే చిటపట శబ్దం సాధారణంగా రింగులోని జిగురుది, దానికి భయపడనక్కరలేదు. ఆ తరువాతి పని చెవిది: ప్రతి బోల్టు దగ్గర అంచుకు ఒక అంగుళం లోపల వేలితో తట్టి, ఆ పలుకులన్నీ ఒకే స్వరంలో కలిసేవరకు సవరించాలి. ఒక రాత్రి అలా వదిలితే ఫిల్ము కొద్దిగా సాగుతుంది, మరునాడు మళ్లీ శ్రుతి చేయక తప్పదు. తోలు కోసం చేసిన పాత మట్టి, చెక్క వాద్యాలకు బోల్టుల రింగు అమర్చినప్పుడు మాత్రం అతిగా బిగించాలన్న ఆశను అణచుకోవాలి. బిగువు నాలుగింతలైతే గాని ఒక స్థాయి పెరగదని ముందు చెప్పుకున్న లెక్క ఒంటి మీద పడే భారానికి కూడా వర్తిస్తుంది. హద్దు దాటి సాగిన ఫిల్ము వెనక్కి రాదు, నడుమ గుంట పడి మూగబోతుంది. దాన్ని మార్చడమే మార్గం.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక మంట గురించి. పెట్ ప్లాస్టిక్ సుమారు 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడడం మొదలుపెడుతుంది కనుక, తోలు డప్పును కాచినట్టు ఫైబర్ డప్పును మంట దగ్గర పెడితే శ్రుతి పెరగకపోగా మూతే పాడవుతుంది. దాని శ్రుతి స్పానరుతోనే.

ఈ మార్పు వెనుక మనుషుల జీవనం కూడా ఉంది. డప్పు తోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, కట్టే విద్య తరతరాలుగా మాదిగ కులస్థుల చేతుల్లో నిలిచింది. ఫ్యాక్టరీలో అచ్చు పోసిన మూత వచ్చినప్పుడు ఆ విద్యకు దక్కే కూలి తగ్గుతుంది. వానలో ఆగకుండా మోగే వాద్యం అదే కళాకారుడికి రోజు కూలిని నిలబెడుతుందన్నది కూడా అంతే నిజం. అంచు సరిచేయడం, చెవితో సమం చేయడం తెలిసిన పాత పనివారే ఫిల్ము మూతలను కూడా బిగిస్తే వాద్యానికీ వారికీ మేలు జరుగుతుంది.

ఫిల్ముకు అన్నిటికంటే కఠినమైన పరీక్ష మృదంగం. దాని మూతలు మేక, ఆవు, గేదె తోళ్ల పొరలను కూర్చి చేసినవి. కుడి మూత నడుమ చిట్టెపు రాతి పొడినీ అన్నాన్నీ కలిపి నూరి పొరలు పొరలుగా రుద్దిన కరణి ఉంటుంది. 1920లో సి.వి.రామన్, శివకాళీ కుమార్ ప్రకటించిన పరిశోధన ఈ నల్లని భాగం గొప్పదనాన్ని లోకానికి చూపింది: పొసగని అనుస్వరాలను కరణి బరువు సర్ది, మూత కంపనాలన్నీ ప్రధాన స్వరానికి పూర్ణాంక రెట్లుగా ఉండే అయిదు స్వరాలలో ఒదిగేటట్టు చేస్తుంది. అందుచేత మృదంగానికి ఫిల్ము వేయడమంటే పొరను మార్చడం కాదు, ఈ బరువుల అమరికనంతా కొత్తగా కట్టడం. బెంగళూరుకు చెందిన ఇంజనీరు, మృదంగ విద్వాంసుడు కె.వరదరంగన్ రూపొందించిన శ్రీ మృదంగం ఆ దారిలో గట్టి ప్రయత్నం. అందులో ఒళ్లు ఫైబర్ గ్లాసుది, మూతలు పాలియెస్టర్‌వి, వార్లకు బదులు నట్లూ బోల్టులూ ఉంటాయి. తోలు మూత పాడైతే కట్టే పనివాడు దరిదాపుల్లో దొరకని విదేశీ నగరాల్లో మృదంగం నేర్చుకొంటున్న తెలుగు పిల్లలకు, స్పానరుతో ఇంట్లోనే శ్రుతి చేసుకొనే వీలున్న వాద్యం అభ్యాసం ఆగిపోకుండా కాపాడుతుంది.