ఈసారి మ్యాచ్‌కి అమ్మతో వెళ్దామా?

క్రికెట్ వస్తుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందుంటారు. అమ్మ మాత్రం వంటింట్లోంచే "స్కోరెంతాయె?" అంటుంది. ఆమెకీ ఆటంటే ఇష్టమేనని మనకు తట్టదు.

ఈసారి ఆమెను హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి తీసుకెళ్లండి. గద్వాల నుంచైతే ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకోవచ్చు. వనపర్తి వాళ్లు కొత్తకోటలో, నాగర్‌కర్నూల్ వాళ్లు జడ్చర్లలో అదే హైవే అందుకోవచ్చు. స్టేడియం దగ్గర మెట్రో స్టేషనూ ఉంది. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు సాధారణంగా లోపలికి రానివ్వరు. అమ్మకు ముందే కడుపునిండా పెట్టండి. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కువ మెట్లెక్కే పని లేని సీట్లు చూసుకోండి.

ఈ ఆట మగవాళ్లదేనా? భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష శిక్షణ కోసం తండ్రి ఊరొదిలి కుటుంబంతో సికింద్రాబాద్ చేరారు. 2025 మహిళల అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌పై ఆమె 59 బంతుల్లోనే 110 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఆ ప్రపంచకప్ చరిత్రలో అదే తొలి సెంచరీ!

కూతురి ఆట కోసం ఓ తండ్రి ఊరే వదిలాడు. అమ్మ ముచ్చట కోసం మనం ఒక్కరోజు వంటింటికి తాళం వేయలేమా?